సుద్ద చెరిగిన జాయింటు

పెందుర్తి
5 సెప్టెంబరు 2024

గురునాథం మావయ్యకి, సాయి నమస్కారాలతో.

అమ్మ నిన్ను అడిగినట్టు రాయమంది. చెవికి మిషను పెట్టించుకోమని కూడా రాయమంది. వినవని తెలిసే రాస్తన్నాను.

నువ్వు జెట్టీ పనికని పోర్ట్ బ్లెయిర్ అవతలి దీవికి వెళ్తా నాకు వదిలేసిన కారుకి సైలెన్సరు ఊడిపోయింది. సోమవారం పొద్దున్న నీలిమని డయాలసిస్‌కి తీసుకెళ్తంటే ఎన్‌.ఏ.డి. జంక్షన్లో వెనకాల ఏదో పడ్డట్టు చప్పుడైంది. దిగి చూస్తే పైపు రోడ్డు మీద ఉంది. సముద్రం గాలికి మొత్తం తుప్పు, వేలితో నొక్కితే అప్పడంలా విరిగిపోతంది. ఆటోనగరంతా తిరిగాను. ఆ కంపెనీవాడు దేశం వదిలిపోయి ఎన్నాళ్ళైందో నీకూ తెలుసు, సామాను ఎక్కడా లేదు.

పైపు లేకుండా బండి తీస్తే వీధి వీధంతా బయటికొస్తంది. నాకది లెక్కలేదు. నీలిమ రెండు చెవులూ మూసుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంటంది. పోనీ అని బుధవారం ఆటోలో తీసుకెళ్ళాను. వచ్చేటప్పుడు గోపాలపట్నం గతుకుల్లో చేతికి సూది గుచ్చినచోట కట్టు ఊడి, నా చొక్కా అంతా రక్తం. ఇంటికొచ్చాక, "ఇంక మానేద్దాం లెండి" అంది. ఏటి మానేద్దామందో నేను అడగలేదు.

వారానికి మూడు రోజులు ఆమెని వెనక సీట్లో పడుకోబెట్టి తీసుకెళ్ళాలి. ఆ బండి తప్ప నాకు దారి లేదు. అందుకని ఇంటిదగ్గరే పైపు తయారు చేద్దామనుకుంటన్నాను. మా వీధి చివర కోటికి వెల్డింగు మిషనుంది. గేట్లు, గ్రిల్సు చేస్తాడు, కారు పైపు ఎప్పుడూ చెయ్యలేదంట. నేను పోర్టులో ఫోర్క్‌లిఫ్టు తోలేవాణ్ణి, నాకేటి తెలుసు. నీకు ఫోను చేస్తే వినపడదు, వాట్సాప్ పెట్టుకోమంటే తిడతావు. ముప్ఫయ్యేళ్ళు స్టీలు ప్లాంటులో వెల్డింగు చేసిన చెయ్యి నీది. మొదట్నించి చివరిదాకా రాయి. చప్పుడు మాత్రం రాకూడదు మావయ్యా.

బేగి రాయి.

సాయిశంకర్


కమోర్టా దీవి
16 సెప్టెంబరు 2024

ఒరే సాయీ,

నానూ నా చెవుడూ ఇక్కడ కలిసే ఉన్నాం, ఇద్దరికీ ఏ లోటూ లేదు. జెట్టీ పని సాగతంది. వానొస్తే రాడ్లు తడిసి సస్తన్నాయి, ఎండొస్తే మేం సస్తన్నాం.

నీలిమ మాట సదివి మనసు పాడైంది. కట్టుకున్న పిల్ల అలగంటే నోరు మూసుకు కూకుంటావేట్రా. మానీడానికి వీల్లేదని గట్టిగా సెప్పాల.

ఇంక పని. ముందు బండి కిందకి దూరి, లావుపాటి ఇనప తీగని ఇంజిన్ కాడ్నించి ఎనక బంపరు దాటేదాకా వంచుకుంటా పో. ఆ తీగే నీకు అచ్చు. నీళ్ళ పైపు మాత్రం వాడకు, దాని పూత కాలితే తెల్ల పొగొస్తాది, పీలిస్తే జ్వరం. నల్ల పైపు కొను. వంపు కావాలంటే పైపు నిండా ఎండిన ఇసక దట్టించి, ఎర్రగా కాల్చి వంచు, లేకపోతే నొక్కుకుపోద్ది. సైలెన్సరు డబ్బాలో గాజు ఊలు కుక్కు. సప్పుడంతా అది తాగేస్తాది.

ఇప్పుడు అసలు మాట. ఏ జాయింటూ ఒక్కసారే పూర్తిగా వెల్డింగు సెయ్యకు. మూడేసి టాకాలు, అంటే మూడు సుక్కలు, అంతే. బండికి తగిలించి సూడు. సరిపోతే విప్పి అప్పుడు సుట్టూ నిండుగా ఎయ్యి. టాకా మీదున్న ప్రతి జాయింటు కాడా సుద్దతో గుండ్రం గియ్యి, నిండుగా ఏసినాక తుడిసెయ్యి. సుద్ద ఉంటే పని ఉన్నట్టు, లేకపోతే అయిపోయినట్టు. ఇద్దరు సేసే పనికి ఇంతకంటే మంచి లెక్క లేదు. ప్లాంటులో మేం దీంతోనే బతికాం, ఒక్క జాయింటు తప్పిపోలేదు. ఆకర్న బండి స్టార్టు సేసి, గొట్టం మూతికి తడిగుడ్డ అడ్డెట్టి, జాయింట్ల కాడ సెయ్యెట్టి సూడు. గాలి తగిలితే లీకు.

మీ అమ్మకి, అదే మా అప్పకి, దండాలు. మిషను పెట్టించుకోనని సెప్పు.

మావయ్య


పెందుర్తి
15 అక్టోబరు 2024

మావయ్యా,

అయిపోయింది. నేనే నమ్మలేకపోతన్నాను.

నీ ఉత్తరం పెరట్లో గోడకి అంటించి మొదలెట్టాం. మొదటి వంపు పాడైంది, ఇసకలో తేమ ఉండిపోయి మూత పేలి కోటి నుదురు పక్కనించి పోయింది. రెండోసారి ఇసకని అమ్మ చేత పెనం మీద వేయించాను. ఎవరైనా చూస్తే పిచ్చోళ్ళనుకుంటారు. మొత్తం ఎనిమిది జాయింట్లు. నాకు డ్యూటీ ఉన్నప్పుడు కోటి, వాడికి పనున్నప్పుడు నేను, నువ్వు చెప్పినట్టే సుద్ద చూసుకుంటా చేశాం. శుక్రవారం సాయంత్రం నేను షిఫ్టులో ఉంటే కోటే వచ్చి వెల్డింగు వేశాడంట.

శనివారం దసరా. అమ్మ ఏ పనిముట్టూ ముట్టుకోనివ్వలేదు. సుత్తి, గ్రైండరు, నా ఫోర్క్‌లిఫ్టు తాళాలతో సహా అరుగు మీద పేర్చి, పైపుని కొబ్బరిపీచుతో తోమి తోమి కడిగింది. ఆ పైపు నీలిమని మోస్తది కదా అని జాయింటు జాయింటుకీ పసుపూ గంధం ముద్దగా మెత్తి బొట్లు పెట్టింది. పెళ్ళికూతురులా ఉంది చూస్తే. ఆదివారం కోటి అత్తారింటికి దువ్వాడ వెళ్ళిపోయాడు. నేను పైపంతా తిప్పి చూశాను, ఎక్కడా సుద్ద లేదు. అయిపోయిందని బిగించేశాను. తడిగుడ్డ పెట్టి చూశాను, ఎక్కడా గాలి తగల్లేదు.

నిన్న నీలిమని ఎక్కించి స్టార్టు చేశాను. కాసేపు చూసి, "ఇంకా స్టార్టు చెయ్యలేదా" అని అడిగింది. నాకు ఏడుపొచ్చింది.

ఒకటే ఇబ్బంది, డయాలసిస్ అయ్యాక ఆమెకి వణుకు. ఎండలో కూడా దుప్పటి కావాలంటది.

నీ సాయి


కమోర్టా
27 అక్టోబరు 2024

ఒరే అల్లుడూ,

నీ ఉత్తరం జెట్టీ మీద నలుగురికీ సదివి ఇనిపించాను. మా మేనల్లుడు ఉత్తరం సూసి సైలెన్సరు కట్టీసాడు, మీకు పక్కన నించుని సూపించినా కట్టలేరు అన్నాను. ఆళ్ళు ఏటో అన్నారు, నాకు ఇనబడలేదు, అదృష్టం.

అప్ప గురించి సదివి నవ్వుకున్నాను. ఆవిడని వదిలితే పోర్టులో క్రేనుకి కూడా నిచ్చెనెక్కి బొట్టెట్టీగల్దు. పెళ్ళికూతురంట.

ఆ పిల్లకి వణుకంటన్నావు. ఇంకేటి, సప్పుడు లేదు కదా, అద్దాలు నాలుగూ బిగించి ఎచ్చగా తీసుకెల్లు. గాలి తగలనీకు. ఇక్కడ వాయుగుండాలు మొదలయ్యాయి, ఉత్తరాలు ఆలస్యం కావొచ్చు, కంగారు పడకు.

మావయ్య


పెందుర్తి
8 నవంబరు 2024

మావయ్యా,

నీ మాట ప్రకారం అద్దాలు బిగించేస్తన్నాను. అద్భుతంగా పనిచేసింది. రాత్రంతా కాళ్ళు పీకేసి కన్ను మూతపడని మనిషి, ఇప్పుడు బండెక్కి గోపాలపట్నం దాటేసరికి నిద్రపోతంది. లేపితే గాని లేవదు. మొహం కూడా ఎర్రగా కళొచ్చింది, అమ్మ దిష్టి తీసింది. ఇన్నాళ్ళకి ఆమెకి నేనొక సుఖం ఇవ్వగలిగాను.

తలనొప్పి, వాంతులు మాత్రం ఎక్కువయ్యాయి. ఈ జబ్బుకి ఉండేవేనంట. నాకూ ఇంటికొచ్చేసరికి తల దిమ్ముగా ఉంటంది, మూడింటికే లేస్తన్నాను కదా, నిద్ర చాలక.

"మీ మావయ్యని చూసి థాంక్స్ చెప్పాలి, ఎప్పుడొస్తారో అడగండి" అంది నీలిమ. ఎప్పుడొస్తావు?

సాయి


కమోర్టా
21 నవంబరు 2024

సాయీ,

బండి ఆపు. ఇది సదివిన సోటే ఆపు. ఆ పిల్లని అందులో ఎక్కించకు.

అది నిద్ర కాదురా. పొగ. ఇంజిన్ పొగలో ఒక విషపు గాలుంటాది, దానికి రంగుండదు, వాసన తెలీదు, మనిసిని మత్తులో పెట్టి తీసుకుపోద్ది. తలనొప్పి, వాంతి, మొహం ఎరుపు, నీకు దిమ్ము, అన్నీ అదే. నిన్న సాయంత్రం నీ ఉత్తరం అందింది. సదివి, పెట్టిలోంచి పాత ఉత్తరం తీసి మళ్ళీ సదివాను. అప్ప పైపుని తోమి కడిగింది అని రాసావు. ఆ కడుగుడులో సుద్ద పోయింది. కోటి ఏ జాయింటు వదిలాడో నీకు తెలీదు, సుద్ద లేదు కాబట్టి అయిపోయిందనుకున్నావు. పసుపు ముద్ద ఆ సందుని మూసేసింది, అందుకే గాలి తగల్లేదు. రెండ్రోజుల్లో అది మాడి రాలిపోయుంటాది. అప్పుడు ఇదంతా నాకు నవ్వులాటగా కనబడింది. 

ఇంకొకటి సెప్పాల. ఎనక సీటు కింద నేలకి కన్నం ఉంది. ఎప్పుడో తుప్పు తినేస్తే రేకు ముక్క కొట్టి రబ్బరు పట్టా పరిసాను. నీకు ఇచ్చినప్పుడు సెప్పలేదు. మర్సిపోయాను. అద్దాలు బిగించమన్నది కూడా నానే.

తుపానుకి టవరు పడిపోయి ఆరు రోజులైంది, దీవిలో ఏ ఫోనూ పనిసెయ్యట్లేదు. ఇక్కడ్నించి ఎల్లే పోస్టాఫీసు సంచి కదల్లేదు. మాతో పనిసేసే గోపి రేపు పడవ మీద పోర్ట్ బ్లెయిర్ ఎల్లి విశాఖ ఓడ ఎక్కుతన్నాడు. ఈ నీలం కవరు నీ సేతికే ఇమ్మని ఆడి కాళ్ళట్టుకున్నాను.

ఆటోలో తీసుకెల్లు. రక్తం వస్తే రానీ. బండి వద్దు.

గురునాథరావు


పెందుర్తి
27 నవంబరు 2024

మావయ్యా,

నీలిమ లేదు.

పోయిన బుధవారం, ఇరవయ్యో తారీకు. నీకు ఫోను చేయించాను, దీవికి లైను కలవలేదు.

వాన పడతంది, అద్దాలు మూసే ఉన్నాయి. ఎప్పట్లాగే నిద్రపోయింది. నిద్ర చెడుతుందని గతుకుల్లో మరీ నెమ్మదిగా నడిపాను. ఆస్పత్రి ముందు ఇంకో పది నిమిషాలు టైముంది, పడుకోనిద్దామని, చలి తగలకుండా ఇంజిన్ ఆపకుండా కూర్చున్నాను. తర్వాత లేపాను. ఎన్నిసార్లు లేపానో.

గుండె ఆగిందన్నారు. ఈ జబ్బులో ఎప్పుడైనా జరగొచ్చన్నారు. ముప్ఫయ్యొక్క ఏళ్ళు మావయ్యా దానికి.

ఫోను ఆపి బీరువాలో పడేశాను. ఎవరి ఓదార్పూ వినలేను. నీకొక్కడికే రాస్తన్నాను, ఎందుకంటే నాకు మిగిలిన ఒకే ఒక్క ధైర్యం నువ్విచ్చింది. చప్పుడు లేని బండిలో, వెచ్చగా, నిద్రలో పోయింది. నొప్పి తెలీలేదు. అది నీ చలవ. నీ రుణం తీర్చుకోలేను.

సాయి


కమోర్టా
10 డిసెంబరు 2024

నాన్నా సాయీ,

నిన్న అందింది నీ ఉత్తరం. నాకు రాయడం రావట్లేదు.

గోపి అని ఒకడు ఒస్తాడు. తుపానుకి ఓడ ఆగిపోయి మొన్ననే బయల్దేరిందంట. ముందు ఆడి సొంతూరు సోంపేట ఎల్లి అప్పుడు మీ ఇంటికొస్తాడు. ఆడి సేతిలో నీలం కవరుంటాది. ఆ పిల్ల బతికుందనుకుని రాసిన మాటలవి. ఇప్పతీకు. పొయ్యిలో పడీ. నీకు దండం పెడతాను, ఒక్క ముక్క కూడా సదవకు.

బండి తియ్యకు. అలాగే మూలన ఉంచు. నానొచ్చి సూసుకుంటాను.

అప్ప దగ్గరే ఉండు. అన్నం తిను.

మావయ్య


పెందుర్తి
20 డిసెంబరు 2024

మావయ్యా,

నీ ఉత్తరం బుధవారం వచ్చింది, గోపి నిన్న వచ్చాడు. ఎదురుగా కూర్చుని, "చదవండి, చాలా కంగారు పడ్డారు ఆయన" అన్నాడు. అతను వెళ్ళాక పొయ్యిలో పెట్టేశాను. నీలిమకి ఎలా ఉందని అడిగి ఉంటావు, అది చదివితే నేను తట్టుకోలేనని నీకు తెలుసు. నన్ను ఇంత ఎరిగినవాడు ఇంకెవరూ లేరు.

బండి మాట కూడా అర్థమైంది. కళ్ళ ముందు కనపడితే నేను బతకలేననే కదా తియ్యొద్దన్నావు. మూలన ఉన్నా అదే బాధ. అందుకే కోటికి ఇచ్చేశాను. వాడి పెళ్ళాం చిట్టెమ్మ దువ్వాడలో స్కూల్లో ఆయాగా చేరింది, పిల్లలిద్దర్నీ కూడా అక్కడే వేశారు. పొద్దున్నే చలిలో వాడి మోటారు సైకిలు మీద నలుగురూ వెళ్తంటే చూడలేక ఇచ్చాను. పైపు సగం వాడి చేతిదే కదా, నీలిమ ఉన్నా ఇవ్వమనేది. వెనక ఎడమవైపు అద్దం దిగిపోయి పైకి రావట్లేదంట, పిల్లలకి చలిగాలి కొడతందని చిట్టెమ్మ గోల. జనవరిలో నాకు సెలవు దొరకగానే ఆ అద్దం బాగుచేయించి ఇస్తానని చెప్పాను.

నువ్వొచ్చినా బండి లేదని కోప్పడకు.

సాయి


కమోర్టా
31 డిసెంబరు 2024

సాయీ,

ఈ నాలుగు ముక్కలు సదివి కాయితం కింద పెట్టు. కోటి ఇంటికి పరిగెట్టు. బండి తాళం లాక్కో. అద్దం బాగుసెయ్యొద్దు. ఎల్లు. మిగతాది ఒచ్చినాక సదువు.

ఎల్లొచ్చావా. కూకో.

ఇప్పుడు టవరుంది. షాపతని సేత నీకు పదకొండుసార్లు ఫోను సేయించాను, స్విచాఫ్. నీది తప్ప నా దగ్గర ఎవరి నంబరూ లేదు. విమానం టిక్కెట్టు తొమ్మిదో తారీకుకి దొరికింది. ఇది నా కంటే ముందొస్తాదని ఆశ.

నీలం కవర్లో ఉన్నది ఇది. నీలిమని తీసుకుపోయింది జబ్బు కాదు, పైపు. ఒక జాయింటు టాకాల మీదే ఉండిపోయింది. దసరాకి అప్ప పైపు కడిగినప్పుడు సుద్ద గుండ్రం పోయింది, ఆవిడ మెత్తిన పసుపు ఆ సందుని నీకు కనపడకుండా సేసింది. పసుపు మాడినాక పొగ బండిలోకి ఎక్కింది. ఎక్కడానికి దారి నాది, ఎనక సీటు కింద కన్నానికి నాను ఏసిన రేకు, నీకు సెప్పలేదు. అద్దాలు బిగించమన్నది నాను. సుద్ద లెక్క నేర్పింది నాను.

కవరు కాల్సమన్నది నీకోసమే అనుకున్నాను. నువ్వు ఇంజిన్ ఆపకుండా కూకున్నానని రాసావు కదా, అది తెలిసినాక నువ్వు ఎలా బతుకుతావని. కాని నీ ఉత్తరంలో నా చలవని ఉంది, ఆ మాట పోతాదని కూడా కాల్సమన్నాను. నీకు అబద్దం సెప్పను. ఆ పిల్లలు నా మూలాన పదిహేను రోజులుగా అందులో తిరుగుతన్నారు. ఆళ్ళకేమైనా అయితే నానొచ్చేటప్పుడు పోలీసు స్టేషనుకి కబురెట్టు, అక్కడే దిగుతాను.

గురునాథరావు


పెందుర్తి
9 జనవరి 2025

మావయ్యా,

నువ్వు ఎదురుగా కుర్చీలో కూర్చున్నావు. మామూలుగా చెప్తే నీకు వినపడదు, అరిచి చెప్తే వంటింట్లో అమ్మకి వినపడుతుంది. అందుకని రాసి ఇస్తన్నాను. చదివి జేబులో పెట్టుకో.

పిల్లలు బాగున్నారు. నీ ఉత్తరం సోమవారం వచ్చింది. మొదటి ముక్కలు చదివి చెప్పుల్లేకుండా పరిగెత్తాను. చిట్టెమ్మకి వారం రోజులుగా తలనొప్పి, చిన్నదానికి రెండుసార్లు వాంతి. అద్దం పైకి రాకపోబట్టి అంతటితో పోయింది. వచ్చే శనివారం నాకు సెలవు. ఆరోజు బాగుచేయిద్దామని మనిషికి చెప్పి ఉంచాను.

కోటి బండి కిందకి దూరాడు. వెనక సీటు కింద జాయింటుకి మూడు చుక్కలే ఉన్నాయి. చుట్టూ నల్లగా మాడిన పెచ్చు, గోకితే లోపల పసుపు రంగు. దసరా ముందు శుక్రవారం గుడికి టైమైపోతందని ఆ ఒక్కటీ సుద్దతో వదిలేశాడంట, నేను చేసుకుంటాననుకున్నాడు. నేను వాడు చేశాడనుకున్నాను. ఆ మాట చెప్పి వాడు చాలాసేపు బండి కిందనించి బయటికి రాలేదు.

తిరిగొచ్చేసరికి అమ్మ ఉత్తరం పట్టుకుని కూర్చుంది. తమ్ముడు ఏం రాశాడో చదవమంది. వద్దంటే ఊరుకోలేదు. చదివాను. జాయింటు మాట, నీ రేకు మాట, అద్దాల మాట, నేను ఇంజిన్ ఆపని మాట, అన్నీ చదివాను. సుద్ద ఎలా పోయిందన్న ముక్క, పసుపు ముక్క దాటేశాను. వానకి చెరిగిపోయిందని చెప్పాను.

అంతా విని, "జాయింటు జాయింటుకీ నా సేత్తో పసుపు రాసేన్రా. అయినా ఆ కనకమాలచ్చమ్మ తల్లి సూడలేదేటి" అంది.

"సూడలేదమ్మా" అన్నాను.

నీ మీద నాకు కోపం ఉంది మావయ్యా. రేకు సంగతి చెప్పనందుకు నిన్ను కొట్టాలనుంది. కవరు కాల్పించినందుకు ఇంకా ఎక్కువ ఉండేది, సోమవారం అమ్మ ఆ ప్రశ్న అడిగేదాకా. అవన్నీ తర్వాత చూసుకుందాం, నువ్వు ఇక్కడే ఉంటావు కదా.

ఇప్పుడు ఆవిడ నీకు టీ తెస్తంది. నీ దగ్గర కూర్చుని ఏడుస్తది. వినపడకపోయినా తలూపు. పసుపు మాట మాత్రం ఎత్తకు.

సాయి